నీటిమీది పలుచని పొరల ప్రవాహాన్ని, స్నిగ్ధస్థితిస్థాపకతను కొలిచే విధానం

పాలు కలపని టీ డికాక్షన్‌ను బోరు నీటితో కాచి, కప్పులో పోసి కదపకుండా ఉంచితే, కొంతసేపటికి దానిపై మెరిసే పలుచని తెట్టు కడుతుంది. నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు ఉన్నప్పుడు టీలోని పాలీఫినాల్‌లు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరపడం వల్ల ఈ తెట్టు పుడుతుంది. అందుకే కఠినజలం ఉన్న ఊళ్లలో అది దట్టంగా కనిపిస్తుంది, ఆర్.ఓ. నీటితో కాచిన టీలో దాదాపు కనిపించదు. చెంచా అంచుతో మెల్లగా నెట్టి చూడండి: అది నీటిలా పారదు, పలకలుగా చీలుతుంది. చీలడానికి ముందు ఆ పొర ఎంత బలాన్ని ఓర్చుకున్నది, ఎంత సాగింది, సాగినదానిలో ఎంత భాగం తిరిగి వెనక్కు వచ్చింది, ఎంత భాగం ప్రవాహంగా పోయింది అనే ప్రశ్నలకు అంకెల్లో జవాబు రాబట్టే శాస్త్రమే అంతరతల రియాలజీ. కొంత వెనక్కు వస్తూ కొంత ప్రవహించే ఈ గుణమే స్నిగ్ధస్థితిస్థాపకత. రెండు మాధ్యమాలు, అంటే గాలీ నీరూ గాని, నూనే నీరూ గాని, కలుసుకునే తలాన్ని ఇక్కడ అంతరతలం అంటున్నాను.

నురగ ఎంతసేపు నిలుస్తుంది, మజ్జిగలో వెన్న రేణువులు ఎప్పుడు ఒకటవుతాయి, ఊపిరితిత్తుల గాలి గదులు ముడుచుకుపోకుండా ఎలా తెరుచుకుని ఉంటాయి అన్న విషయాలన్నీ ఈ పొరల మీదే ఆధారపడి ఉన్నాయి. దీనికి కావలసిన పరికరాలు లక్షల రూపాయల ఖరీదు చేస్తాయి కాబట్టి మనకు అందవని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల విద్యార్థులు అనుకోనవసరం లేదు. నాలుగు దశాంశాల వరకు తూచే త్రాసు, డి.సి. పవర్ సప్లై, రాగి తీగ, మంచి కెమెరా ఉన్న ఫోను, వీటన్నిటికంటే ముఖ్యంగా ఓపిక ఉంటే, నమ్మదగిన కొలతలు ఎచ్చెర్లలోనైనా రాజాంలోనైనా తీయవచ్చు. అయితే ఒక షరతు ఉన్నది: పొర లేని శుభ్రమైన నీటిని మొదట సరిగ్గా కొలవగలగాలి. ఈ రంగంలో వచ్చే తప్పుడు ఫలితాల్లో అధిక భాగం పొరను కొలిచామనుకుని దాని కింది నీటినో, చేతివేళ్ల జిడ్డునో కొలవడం వల్ల వచ్చేవే అని నా దృఢమైన అభిప్రాయం.

ఏమి కొలుస్తున్నామో ముందు తేల్చుకోవాలి

పొరను రెండు విధాలుగా ఇబ్బంది పెట్టవచ్చు. ఆకారం మారకుండా దాని వైశాల్యాన్ని పెంచి తగ్గించడం ఒకటి. దీనిని డైలటేషన్ అంటారు. వైశాల్యం మారకుండా ఒక భాగం పక్కనుంచి మరొక భాగాన్ని జరపడం రెండవది, ఇది షియర్. ప్రతి దానికీ రెండేసి గుణకాలు ఉంటాయి: దాచుకుని తిరిగి ఇచ్చే శక్తిని తెలిపే నిల్వ గుణకం, వేడిగా పోయే శక్తిని తెలిపే నష్ట గుణకం. పొర మందం తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ఇక్కడ ప్రతిబలాన్ని వైశాల్యానికి బదులు పొడవుతో భాగిస్తాము. అందువల్ల గుణకాల ప్రమాణం మీటరుకు న్యూటన్లు, స్నిగ్ధత ప్రమాణం మీటరుకు న్యూటన్-సెకన్లు అవుతాయి.

ఒక విధంలో బలంగా ఉన్న పొర రెండవ విధంలో బలంగా ఉండాలనే నియమం లేదు. సోడియం డోడెసైల్ సల్ఫేట్ వంటి నీటిలో కరిగే సర్ఫాక్టెంట్‌ల, అంటే ఉపరితలానికి చేరే సబ్బు వంటి పదార్థాల, పొరలను సాగదీస్తే తలతన్యత, అంటే ఉపరితలాన్ని బిగువుగా లాగి ఉంచే బలం, స్పష్టంగా మారుతుంది, కాని వాటి షియర్ స్నిగ్ధత మాత్రం మీటరుకు 0.01 మైక్రోన్యూటన్-సెకను కన్నా తక్కువేనని 2014లో వెలువడిన సూక్ష్మమైన కొలతలు చూపించాయి. అంతకు ముందు ప్రచురితమైన విలువలు దానికి ఎన్నో రెట్లు పెద్దవి, ఒకదానితో ఒకటి పొంతన లేనివి కూడా. అందువల్ల సబ్బు వంటి పదార్థానికి డైలటేషన్ ప్రయోగం, ప్రొటీన్‌కు రెండూ, టీ తెట్టు వంటి గట్టి పొరకు షియర్ ప్రయోగం ఎంచుకోవడం సబబు.

షియర్ ప్రయోగం మొదలుపెట్టే ముందు బూసినెస్క్ సంఖ్యను లెక్కించాలి. ఫ్రెంచి గణితవేత్త బూసినెస్క్ 1913లో ఉపరితలానికి తనదైన స్నిగ్ధత ఉంటుందని ప్రతిపాదించాడు. ఆయన పేరు మీద పిలిచే ఈ సంఖ్య, పొర వల్ల కలిగే నిరోధానికీ, కింది ద్రవం వల్ల కలిగే నిరోధానికీ గల నిష్పత్తి. పొర స్నిగ్ధతను, ద్రవ స్నిగ్ధతతో గుణించిన పరికరపు లాక్షణిక పొడవుతో (సూదికైతే దాని వ్యాసార్ధంతో) భాగిస్తే అది వస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి స్నిగ్ధత సుమారు 0.8 మిల్లీపాస్కల్-సెకన్లు. 0.3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న సూదిని తీసుకుంటే హారం మీటరుకు 0.24 మైక్రోన్యూటన్-సెకన్లు అవుతుంది. అంటే పొర నిరోధమే ప్రధానమయ్యేలా సంఖ్య 10 దాటాలంటే పొర స్నిగ్ధత 2.4 మైక్రోన్యూటన్-సెకన్లకు పైగా ఉండాలి. అదే సూదికి బదులు ఒక సెంటీమీటరు లాక్షణిక పొడవు గల పళ్లెం వాడితే ఆ హద్దు ముప్పై రెట్లకు పైగా పెరుగుతుంది. సన్నని సూది, సన్నని వలయం ఎందుకు మేలైనవో ఈ ఒక్క లెక్క చెబుతుంది. సంఖ్య ఒకటికి దగ్గరగా గాని అంతకంటే తక్కువగా గాని ఉంటే, కింది నీటి ప్రవాహాన్ని గణనతో తీసివేయకుండా ఫలితాన్ని ప్రకటించకూడదు.

శుభ్రత

ఓలియిక్ ఆమ్లం వంటి కొవ్వు ఆమ్లం ఒక్కొక్క అణువు వరుసగా నీటిపై పరుచుకుంటే చదరపు మీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు సరిపోతుంది. 25 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిని పూర్తిగా కప్పడానికి మిల్లీగ్రాములో పదో వంతు కూడా అక్కరలేదు. తలకు కొబ్బరి నూనె రాసుకుని, ఆ చేత్తోనే గాజు పాత్ర అంచును తాకితే ప్రయోగం అక్కడితో చెడినట్టే. పౌడరు పూయని నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి, వాటిని కూడా ఇథనాల్‌తో తుడవాలి. గాజు సామగ్రిని ముందు డిటర్జెంట్‌తో, తరువాత వేడి నీటితో చాలాసార్లు, ఆపై ఇథనాల్‌తో, చివరగా అప్పుడే స్వేదనం చేసిన నీటితో కడగాలి. ప్లాస్టిక్ సీసాల్లో నెలల తరబడి నిలవ ఉన్న స్వేదనజలం పనికిరాదు. రబ్బరు పిస్టను ఉన్న వైద్య సిరంజిల్లో సిలికాన్ నూనె పూత ఉంటుంది కనుక పూర్తిగా గాజుతో చేసిన సిరంజినే వాడాలి.

అంతా కడిగిన తరువాత కూడా ఉపరితలంపై ఏదో మిగులుతుంది. దానిని తొలగించే ఉపాయం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో తన ఇంటి వంటగదిలో పరిశోధన చేసిన ఆగ్నెస్ పోకెల్స్ చూపించింది. విశ్వవిద్యాలయ విద్య అందని ఆ మహిళ ఆంగ్ల భౌతికశాస్త్రవేత్త రేలీ ప్రభువుకు రాసిన లేఖ 1891లో నేచర్ పత్రికలో అచ్చయింది. తొట్టిని అంచులకు పైగా నిండేలా నీటితో నింపి, శుభ్రమైన టెఫ్లాన్ పట్టీని అంచుల మీద ఆనించి ఒక వైపు నుంచి మరో వైపుకు లాగితే, ఉపరితలంపై ఉన్నదంతా ఆ చివరకు చేరుతుంది. అక్కడ వాక్యూమ్ పంపుకు తగిలించిన గాజు నాళికతో పీల్చివేయాలి. ఇలా మళ్లీ మళ్లీ చేసి, తలతన్యత కొలుస్తూ ఉపరితలాన్ని పదో వంతుకు కుదించి చూడాలి. తలతన్యత 0.2 మిల్లీన్యూటన్లకు మించి పడిపోతే ఇంకా మురికి ఉన్నట్టే లెక్క. అప్పుడు పదార్థాన్ని చేర్చవద్దు, నీటిని పారబోసి మొదటినుంచి మొదలుపెట్టండి.

మన ప్రాంతపు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీరం నుంచి వీచే తేమగాలి, సీలింగు ఫ్యాను, కిటికీ దుమ్ము, ఈ మూడూ పొరకు శత్రువులే. తొట్టిని యాక్రిలిక్ పెట్టెతో మూసి, లోపల తడి దూది ఉంచితే ఆవిరై పోవడం తగ్గుతుంది. బల్ల మీద ఇసుక పెట్టె, దానిమీద గ్రానైటు పలక, అడుగున రబ్బరు షీటు వేయడం ఖర్చులేని కంపన నివారణ. ఆమదాలవలస వంటి చోట్ల, హౌరా–చెన్నై రైలు మార్గానికి దగ్గరగా ప్రయోగశాల ఉంటే, రైలు పోతున్నప్పుడు శుభ్రమైన నీటిపై సూది ఎంత కదిలిందో ఒకసారి నమోదు చేసి ఉంచుకోండి. పొరపై తీసిన కొలత ఆ కదలిక కన్నా చాలా పెద్దదైతేనే దానిని నమ్మవచ్చు.

తలతన్యత

విల్‌హెల్మీ పలక పద్ధతి సరళమైనది. పది మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న వడపోత కాగితపు ముక్కను నీటిలో పూర్తిగా తడిపి, త్రాసు అడుగు కొక్కానికి వేలాడదీసి, దాని కింది అంచు నీటి మట్టానికి సరిగ్గా తగిలేలా ఉంచాలి. తడిసిన కాగితానికి స్పర్శ కోణం సున్నా కనుక, లాగే బలాన్ని చుట్టుకొలతతో భాగిస్తే తలతన్యత వస్తుంది. ఈ ముక్క చుట్టుకొలత 20.4 మిల్లీమీటర్లు, 30 డిగ్రీల వద్ద శుభ్రమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 71.2 మిల్లీన్యూటన్లు, కాబట్టి తడి కాగితపు బరువు తీసివేశాక త్రాసు సుమారు 148 మిల్లీగ్రాములు చూపాలి. బరువును బలంగా మార్చేటప్పుడు 9.81తో గుణించడం మనకు అలవాటు, కాని 18 డిగ్రీల అక్షాంశం దాటి కొద్దిగా ఉత్తరాన ఉన్న శ్రీకాకుళంలో గురుత్వ త్వరణం 9.785 దగ్గర ఉంటుంది. ఈ తేడా ఒక్కటే 0.18 మిల్లీన్యూటన్ల దోషాన్ని తెస్తుంది, అంటే మనం శుభ్రతకు పెట్టుకున్న హద్దుకు దాదాపు సమానం.

వేలాడే చుక్కతో డైలటేషన్

గాజు సిరంజికి 1.65 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న, కొన చదునుగా కోసిన స్టీలు సూదిని తగిలించి, 15 నుంచి 20 మైక్రోలీటర్ల చుక్కను మూతపెట్టిన గాజు పాత్రలో వేలాడదీయాలి. వెనుక మసక గాజు మీదుగా సమమైన వెలుతురు, ముందు మ్యాక్రో లెన్సు తగిలించిన ఫోను ఉంచాలి. చుక్క చిన్నదైతే అది గుండ్రంగానే ఉండిపోతుంది. గురుత్వం దానిని కిందికి సాగదీసినప్పుడే ఆకారం నుంచి తలతన్యతను లెక్కించగలము. లెక్కకు ఓపెన్‌డ్రాప్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. పొడవు ప్రమాణంగా సూది వ్యాసాన్నే ఇస్తాము కాబట్టి దానిని మైక్రోమీటరుతో స్వయంగా కొలవాలి. గేజి సంఖ్యను నమ్మి ఊరుకోకూడదు.

మొదట స్వేదనజలపు చుక్క, తరువాతే కోడిగుడ్డు తెల్లసొన పలుచని ద్రావణమో, పాల ప్రొటీనో. ప్రొటీన్ అణువులు ఉపరితలానికి చేరి, మడతలు విప్పుకుని, ఒకదానితో ఒకటి అల్లుకోవడానికి గంటలు పడుతుంది. తలతన్యత నిలకడగా కనిపిస్తున్నా గుణకం ఇంకా పెరుగుతూనే ఉండవచ్చు, కాబట్టి పొర వయసును ప్రతి కొలతకూ రాయాలి. తరువాత సిరంజి పంపుతో చుక్క వైశాల్యాన్ని సైన్ తరంగంలా ఐదు శాతం మేరకు పెంచి తగ్గించాలి. పౌనఃపున్యం 0.01 నుంచి 0.2 హెర్ట్జ్ లోపల ఉంచడం మంచిది; అంతకంటే వేగంగా ఊపితే ద్రవపు స్నిగ్ధత, జడత్వం చుక్క ఆకారాన్ని మార్చి, పొరకు లేని గుణాన్ని దానికి అంటగడతాయి.

లెక్క ఇలా సాగుతుంది. వైశాల్యం 5 శాతం ఊగినప్పుడు తలతన్యత 1.5 మిల్లీన్యూటన్ల మేరకు ఊగిందనీ, రెండు తరంగాల మధ్య దశా భేదం 20 డిగ్రీలు ఉందనీ అనుకుందాం. 1.5ను 0.05తో భాగిస్తే సంకీర్ణ గుణకపు పరిమాణం 30. దానిని 20 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే నిల్వ గుణకం 28.2, సైన్‌తో గుణిస్తే నష్ట గుణకం 10.3 వస్తాయి. పౌనఃపున్యం 0.1 హెర్ట్జ్ అయితే కోణీయ పౌనఃపున్యం 0.628, నష్ట గుణకాన్ని దానితో భాగిస్తే డైలటేషన్ స్నిగ్ధత మీటరుకు సుమారు 16.4 మిల్లీన్యూటన్-సెకన్లు. ఊపును రెండున్నర శాతానికి తగ్గించి మళ్లీ చేయండి. గుణకం మారకపోతే మీరు రేఖీయ పరిధిలో, అంటే ఊపుకు అనులోమంగానే పొర స్పందించే పరిధిలో, ఉన్నారు. మారితే ఆ మార్పే చెప్పుకోదగిన ఫలితం కావచ్చు గాని, దానిని మామూలు గుణకంగా రాయకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. పొర ఘనంగా మారితే, చుక్క ఆకారం తలతన్యత ఒక్కదానితో నిర్ణయం కాదు. నిలువు దిశలో ఒక బలం, అడ్డ దిశలో మరొక బలం పనిచేస్తాయి. చుక్కను కుదించినప్పుడు సూది మెడ దగ్గర ముడతలు కనిపిస్తే అదే గుర్తు. ప్రోగ్రాము అప్పుడు కూడా ఒక తలతన్యతను లెక్కించి చూపుతుంది, ఆ అంకెకు భౌతిక అర్థం ఉండదు. కొలిచిన ఆకారానికీ సిద్ధాంతపు ఆకారానికీ మధ్య తేడా ఎంతో ప్రతి చిత్రానికీ చూసుకుని, అది హఠాత్తుగా పెరిగిన చోట ఆపివేసి, షియర్ ప్రయోగానికి మారాలి.

అయస్కాంత సూదితో షియర్

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1990ల చివర రూపుదిద్దుకున్న అంతరతల రియోమీటరు (ప్రవాహ గుణాలను కొలిచే పరికరం) సూత్రమే దీనికి ఆధారం. నీటిపై తేలే అయస్కాంత సూదిని, తీగచుట్టల ప్రవాహంతో తన పొడవు దిశలోనే ముందుకూ వెనక్కూ ఊపుతూ, దాని కదలికను కెమెరాతో పట్టుకుంటాము. 25 మిల్లీమీటర్ల పొడవు, 0.6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు సూది సుమారు 55 మిల్లీగ్రాములు తూగుతుంది, తలతన్యత దానిని సునాయాసంగా మోస్తుంది. కన్ను లేని, రెండు వైపులా ఒకే మందం ఉన్న ముక్కను కోసి, అయస్కాంతీకరించి, ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టి, ప్లాస్టిక్ పటకారుతో నీటిపై మెల్లగా దించాలి.

సూదిని మధ్యలో ఉంచడానికి, బాగా తడిసే రెండు గాజు పలకలను 16 మిల్లీమీటర్ల ఎడంతో నిలబెట్టి కాలువ చేయాలి. గోడల దగ్గర నీరు పైకి పాకుతుంది కాబట్టి మధ్యభాగం పల్లంగా ఉండి, సూది దానంతటదే అక్కడికి చేరుతుంది. కాలువకు ఇరువైపులా, సూది వరుసలో, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక్కొక్కటి 100 చుట్లున్న రెండు తీగచుట్టలను 15 సెంటీమీటర్ల ఎడంలో పెట్టండి. ఒక ఆంపియరు పంపితే మధ్యలో సుమారు 0.6 మిల్లీటెస్లా క్షేత్రం వస్తుంది, ఇది సూది దిశను నిలుపుతుంది. ఒక చుట్టలో ప్రవాహాన్ని సైన్ తరంగంలా కొద్దిగా మారిస్తే క్షేత్రంలో వాలు ఏర్పడి సూదిని లాగుతుంది.

బలాన్ని నేరుగా కొలవలేము గనుక శుభ్రమైన నీటిపై క్రమాంకనం (కాలిబ్రేషన్) చేయాలి. తగినంత వేగంగా ఊపితే నీటి నిరోధం కన్నా సూది జడత్వమే ముఖ్యమవుతుంది. అప్పుడు ద్రవ్యరాశిని, కోణీయ పౌనఃపున్యపు వర్గాన్ని, కంపన పరిమితిని గుణిస్తే బలం వస్తుంది. ఒక హెర్ట్జ్ వద్ద మన సూది అర మిల్లీమీటరు ఊగితే బలం సుమారు 1.1 మైక్రోన్యూటన్లు. ఒకటి, రెండు, మూడు హెర్ట్జ్‌ల వద్ద లెక్కించిన బలాలు ఒకదానితో ఒకటి సరిపోలితేనే క్రమాంకనం సరైనది.

ఇప్పుడు టీ తెట్టును కొలుద్దాం. చక్కెర, పాలు లేని డికాక్షన్‌ను వడపోసి కాలువలో పోసి, ఉపరితలాన్ని ఒకసారి పీల్చి, సూదిని దించి, గడియారం మొదలుపెట్టాలి. అదే బలానికి, అదే ఒక హెర్ట్జ్ వద్ద, ఊపు 0.05 మిల్లీమీటర్లకు తగ్గిందనీ దశా భేదం దాదాపు లేదనీ అనుకుందాం. సూదికి రెండు వైపులా పొర ఉన్నందున బలాన్ని రెండింతల పొడవుతో భాగిస్తాము: మీటరుకు 22 మైక్రోన్యూటన్ల ప్రతిబలం. వికృతి అంటే ఊపును సూదికీ గోడకూ మధ్య ఉన్న 8 మిల్లీమీటర్లతో భాగించగా వచ్చే 0.00625. నిల్వ గుణకం మీటరుకు 3.5 మిల్లీన్యూటన్లు అవుతుంది. కాని పొర, బయటి బలాన్ని ఎదుర్కోవడంతో పాటు సూది జడత్వాన్ని కూడా అదుపులో పెడుతున్నది. ఊపు పదో వంతుకు తగ్గింది కనుక ఆ జడత్వ బలం బయటి బలంలో పదో వంతు; దానిని కలిపితే సరైన విలువ 3.8 మిల్లీన్యూటన్లు. ఇటువంటి చిన్న సవరణలను వదిలివేసే అలవాటు చేసుకోవద్దు, పౌనఃపున్యం రెట్టింపు చేస్తే ఈ సవరణ నాలుగింతలవుతుంది.

వరుస ముఖ్యం. ముందు అతి చిన్న ఊపుతో, కాలంతో పాటు గుణకం ఎలా పెరుగుతుందో చూడాలి. అది నిలకడకు వచ్చాక పౌనఃపున్యాన్ని మార్చాలి. ఊపును పెంచి పొర తెగే వికృతిని కనుక్కోవడం అన్నిటికంటే చివర, ఎందుకంటే తెగిన పొర మళ్లీ పాత పొర కాదు. జ్యూరిక్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2021లో టీ తెట్టును ఇటువంటి కొలతలకే గురిచేసి, నీటి కాఠిన్యం పెరిగిన కొద్దీ పొర బలపడుతుందని చూపించారు. వాళ్లు వాడినది రియోమీటరుకు తగిలించే బైకోన్, అంటే రెండు శంకువులను అడుగులు కలిపి అతికించినట్టుండే బిళ్ల. మీ కళాశాలలో రియోమీటరు ఉంటే బైకోన్ గాని, అంతకంటే సున్నితమైన, రెండు గోడల మధ్య తిరిగే సన్నని వలయమైన డబుల్ వాల్ రింగ్ గాని వాడుకోవచ్చు. ఏది వాడినా బూసినెస్క్ లెక్క తప్పదు.

పలాస జీడి తొక్కనూనె

చేతికి పని అలవడిన తరువాత మన దగ్గరి పదార్థం ఒకదానిని చేపట్టమని కోరుతున్నాను. పలాస జీడి పరిశ్రమల్లో మిగిలే తొక్కల నుంచి తీసే నూనెలో, పచ్చిగా తీసినప్పుడు అనకార్డిక్ ఆమ్లం ప్రధానంగా ఉంటుంది. వేడి చేసినప్పుడు అది కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది. రెండింటికీ నీటిని ఇష్టపడే ఫినాల్ తల, నీటిని ఇష్టపడని పదిహేను కార్బన్ల తోక ఉన్నాయి. అనకార్డిక్ ఆమ్లానికి తల దగ్గర ఆమ్ల సమూహం అదనం. పచ్చి నూనె పొర, కాచిన నూనె పొర షియర్‌లో ఎలా వేరుపడతాయి, కింది నీటిలో కాల్షియం చేరిస్తే ఆ తేడా పెరుగుతుందా అన్నవి పీజీ ప్రాజెక్టుకు తగిన ప్రశ్నలు.

ఈ నూనె చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, కాబట్టి చేతితొడుగులు, కళ్లజోడు లేకుండా సీసా మూత తీయవద్దు. ఇథనాల్‌లో బాగా పలుచన చేసిన ద్రావణాన్ని మైక్రోలీటర్లలో చుక్కలుగా ఉపరితలంపై వదిలి, ఇథనాల్ పోయేదాకా ఆగాలి. వట్టి ఇథనాల్‌నే అంతే పరిమాణంలో వదిలి చేసిన కొలత కూడా నోటుబుక్కులో పక్కనే ఉండాలి. తోకల్లోని ద్విబంధాలు గాలితో చర్య జరిపి పొరను కాలక్రమంలో గట్టిపరచవచ్చు, అందువల్ల తాజా పొరనూ, మూత కింద రాత్రంతా ఉంచిన పొరనూ వేర్వేరు నమూనాలుగానే లెక్కించి, రెండింటికీ ఉష్ణోగ్రత, పొర వయసు, పౌనఃపున్యం, వికృతి, బూసినెస్క్ సంఖ్య, ఆ రోజు శుభ్రమైన నీటిపై వచ్చిన విలువ ఒకే వరుసలో రాయాలి. ప్రయోగం ముగిశాక నూనె తాకిన నీటిని సింకులో పోయకుండా, ప్రయోగశాల రసాయన వ్యర్థాల సీసాలోనే పోయాలి.